అంకె పక్కన ఉండే ‘అటూ ఇటూ’

క్యాలిబ్రేషన్ పనిలో, అంటే కొలిచే పరికరాలు ఎంత సరిగ్గా చూపిస్తున్నాయో తేల్చే పనిలో, చేరిన మొదటి వేసవిలో నేను మూడు మంచి థర్మామీటర్లకు తప్పుడు రిపోర్టు రాశాను. మూడూ రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో వాడే డిజిటల్ థర్మామీటర్లు. సున్నా డిగ్రీల దగ్గర అవి ఎలా చూపిస్తున్నాయో తేల్చాలంటే ఐసును మెత్తగా కొట్టి, శుద్ధమైన నీళ్లు కలిపి, ఫ్లాస్కులో నింపి, అందులోకి ప్రోబ్ దించాలి. ఆ రోజు ల్యాబులో ఐసు అయిపోయింది. నెల్లూరులో ఐసుకు కొదవేముంది? తీరం వైపు నుంచి వచ్చే బండి దగ్గర, చేపల మీద వేసే గడ్డ ఒకటి కొనుక్కొచ్చాను.

పది రీడింగులు తీస్తే పదీ మైనస్ 0.3 డిగ్రీలే. రెండో థర్మామీటరూ అంతే, మూడోదీ అంతే. అంకె కదలడం లేదు కదా, ఇంతకన్నా గట్టి ఫలితం ఏముంటుంది అనుకున్నాను. ‘దోషం మైనస్ 0.3 డిగ్రీలు, అనిశ్చితి 0.06 డిగ్రీలు’ అని రాసి మా సీనియర్ టేబుల్ మీద పెట్టాను. ఆయన కాగితం చూసి, ఫ్లాస్కు చూసి, “మూడు కంపెనీల థర్మామీటర్లు కూడబలుక్కుని ఒకే తప్పు చూపిస్తాయా నాయనా? ఆ ఐసు ముక్క నాలుక మీద పెట్టుకో” అన్నారు.

ఉప్పగా ఉంది. తీరం దగ్గర బోరు నీళ్లలో ఉప్పు ఉంటుంది. ఐసు గడ్డ బయటి నుంచి లోపలికి గడ్డకడుతూ ఆ ఉప్పును మధ్యలోకి నెడుతుంది. గడ్డ నడుమ తెల్లగా, మసకగా కనిపించే భాగం అదే. నేను కొట్టింది సరిగ్గా ఆ భాగాన్నే. లీటరు నీటిలో 5 గ్రాముల ఉప్పు ఉంటే చాలు, గడ్డకట్టే ఉష్ణోగ్రత దాదాపు 0.3 డిగ్రీలు దిగిపోతుంది. డిస్టిల్డ్ వాటర్‌తో చేసిన ఐసులో పెడితే మూడు థర్మామీటర్లూ 0.0 చూపించాయి.

అనిశ్చితి లెక్క నేర్చుకునేవాళ్లు ముందుగా గుర్తించాల్సింది ఇదే. ఒకే అంకె పదిసార్లు రావడం వేరు, ఆ అంకె నిజం కావడం వేరు. నేను రాసిన 0.06 అనే అనిశ్చితిలో థర్మామీటరు గురించి నాకున్న సందేహం ఉంది. ఐసు గురించి ఉండాల్సిన సందేహం లేదు. ఎందుకంటే ఐసును నేను అనుమానించనే లేదు.

మన మాటల్లో ఈ విషయం ఎప్పటి నుంచో ఉంది. “ఎంత బరువుంటుంది?” అని అడిగితే “పాతిక కిలోలు, అటూ ఇటూగా” అంటాం. అనిశ్చితి అంటే ఆ ‘అటూ ఇటూ’కు ఒక అంకె కట్టడమే. దోషం అనే మాటతో దీన్ని కలిపేయకూడదు. కాటా 20 కిలోల రాయిని 20 కిలోల 5 గ్రాములని చూపిస్తే, ఆ 5 గ్రాములు దోషం. అది తెలిసిన తేడా కాబట్టి తీసేసుకోవచ్చు. ‘ఆ దోషం కచ్చితంగా 5 గ్రాములేనా? మూడై ఉండొచ్చా, ఎనిమిదై ఉండొచ్చా?’ అన్న ప్రశ్నకు వచ్చే జవాబు అనిశ్చితి. తెలిసినదాన్ని సరిదిద్దాలి, తెలియనిదాన్ని అంకెగా చెప్పాలి.

ఈ అంకె కట్టడానికి ఒకప్పుడు ఒక్కో దేశంలో ఒక్కో పద్ధతి ఉండేది. 1977లో తూనికలు, కొలతల అంతర్జాతీయ కమిటీ ఈ గందరగోళాన్ని గుర్తించి పని మొదలుపెట్టించింది. 1980లో ఒక నిపుణుల బృందం సిఫారసులు ఇచ్చింది. వాటి మీద నిలబడి 1993లో ఏడు అంతర్జాతీయ సంస్థల పేరుతో ఒక మార్గదర్శిని వచ్చింది. దాని ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరాలు కలిపి ఈ రంగంలో అందరూ ‘గమ్’ అంటారు. ఈ రోజు ల్యాబులకు గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న ఏ క్యాలిబ్రేషన్ ల్యాబు అయినా లెక్క కట్టేది దీని ప్రకారమే.

గమ్ సందేహాలను రెండు రకాలుగా విడదీస్తుంది. రీడింగులు మళ్లీ మళ్లీ తీసి, వాటి చెదురును బట్టి లెక్కగట్టేది టైప్ ఏ. రీడింగులతో సంబంధం లేకుండా, సర్టిఫికెట్ల నుంచి, పరికరం తయారైన తీరు నుంచి, మన అనుభవం నుంచి తీసుకునేది టైప్ బి. చాలామంది టైప్ ఏ అంటే శాస్త్రీయం, టైప్ బి అంటే ఉజ్జాయింపు అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ ఉప్పు ఐసును పట్టుకోవడం టైప్ ఏ వల్ల కానే కాదు. వెయ్యి రీడింగులు తీసినా మైనస్ 0.3 మైనస్ 0.3గానే ఉంటుంది. ‘ఈ ఐసు ఎక్కడిది?’ అని అడగడం టైప్ బి పని.

ఇప్పుడు ఒక కాటాను దగ్గరగా చూద్దాం. ఇందుకూరుపేట, ముత్తుకూరు, విడవలూరు, అల్లూరు వైపు ఏ రొయ్యల గుంట మీద పట్టుబడి జరుగుతున్నా గట్టు మీద కనిపించే ఎలక్ట్రానిక్ కాటానే తీసుకుందాం. 30 కిలోల దాకా తూస్తుంది, 5 గ్రాముల మెట్టులో అంకె మారుతుంది. దాని మీద 20 కిలోల స్టాండర్డ్ రాయి పెట్టి పదిసార్లు తూచాం. 20 కిలోలకు పైన వచ్చిన గ్రాములు వరుసగా ఇవి: 0, 5, 5, 0, 5, 5, 10, 5, 5, 5. సగటు 4.5 గ్రాములు, అదే దోషం. రీడింగుల చెదురు, అంటే స్టాండర్డ్ డీవియేషన్, 2.84 గ్రాములు. పది రీడింగుల సగటు తీసుకున్నాం కాబట్టి ఆ సగటులో ఉండే సందేహం ఇంకా తక్కువ. 2.84ను 10 వర్గమూలంతో భాగిస్తే 0.90 గ్రాములు. టైప్ ఏ ఇంతటితో అయిపోయింది. చిన్న పని.

అసలు ఆలోచన పెట్టాల్సింది ఆ తర్వాత. ముందు రాయి సంగతి. చట్టబద్ధమైన తూనికలు, కొలతల అంతర్జాతీయ సంస్థ ఓఐఎంఎల్ ప్రమాణంలో ఎమ్1 తరగతికి చెందిన 20 కిలోల రాయికి 1 గ్రాము అటూ ఇటూ ఉండొచ్చని అనుమతి ఉంది. ఆ మధ్యలో ఎక్కడుందో మనకు తెలియదు. ఎక్కడైనా సమానంగా ఉండొచ్చు అనుకున్నప్పుడు ఆ 1 గ్రామును 3 వర్గమూలంతో భాగించాలని గమ్ చెబుతుంది. 0.58 గ్రాములు వస్తుంది. ఈ భాగహారం ఎందుకంటే, అంచుల దాకా వెళ్లే అవకాశం ఉన్నా ప్రతిసారీ అంచునే ఉండదు కదా. అన్ని సందేహాలనూ స్టాండర్డ్ డీవియేషన్ అనే ఒకే కొలమానంలోకి తెస్తేనే వాటిని కలపడం కుదురుతుంది.

తర్వాత కాటా మెట్టు. డిస్‌ప్లే మీద 20.005 అని ఉంటే అసలు బరువు దానికి రెండున్నర గ్రాములు కిందైనా, పైనైనా ఉండొచ్చు. 2.5ను అదే 3 వర్గమూలంతో భాగిస్తే 1.44. ఖాళీ కాటా సున్నా చూపించినప్పుడు కూడా ఇదే సందేహం ఉంటుంది కాబట్టి ఇంకో 1.44. ఈ రెండోదాన్ని మర్చిపోయేవాళ్లే ఎక్కువ.

చివరిగా మూలలు. ప్లేటు మధ్యలో పెట్టినప్పుడు ఒక అంకె, మూలన పెట్టినప్పుడు ఇంకో అంకె రావడం ఈ కాటాలకు మామూలే. 10 కిలోల రాయిని నాలుగు మూలలా పెట్టి చూస్తే గరిష్ఠంగా 5 గ్రాముల తేడా వచ్చిందనుకుందాం. 20 కిలోలకు అది 10 గ్రాములు అవుతుంది. బరువంతా మూలనే పెట్టం కాబట్టి సగం, 5 గ్రాములు తీసుకుంటాం. భాగిస్తే 2.89.

ఇప్పుడు చేతిలో ఐదు అంకెలున్నాయి: 0.90, 0.58, 1.44, 1.44, 2.89. మామూలుగా కూడితే 7.25 వస్తుంది. కానీ అలా కూడకూడదు. ఇవి ఒకదానితో ఒకటి సంబంధం లేని సందేహాలు. రాయి కాస్త ఎక్కువ బరువున్న రోజునే మూల తేడా కూడా ఎక్కువ వైపే పడాలని లేదు. కొన్ని ఒకదాన్నొకటి తగ్గించుకుంటాయి. అందుకే ఒక్కోదాన్ని వర్గం చేసి, కూడి, చివర వర్గమూలం తీస్తాం. బడిలో లంబకోణ త్రిభుజానికి 3, 4 భుజాలైతే కర్ణం 5 అని నేర్చుకున్నామే, అదే లెక్క. వర్గాలు కూడితే 13.64, వర్గమూలం 3.69. దీన్ని 2తో గుణించి 7.4 గ్రాములు అని సర్టిఫికెట్లో రాస్తాం. ఆ 2నే ‘కె’ అంటారు. ఇలా రాస్తే అసలు విలువ ఆ హద్దుల్లో ఉంటుందని నూటికి 95 పాళ్లు నమ్మవచ్చు. మొత్తం మీద 20 కిలోల దగ్గర ఈ కాటా దోషం 4.5 గ్రాములు, అనిశ్చితి 7.4 గ్రాములు అటూ ఇటూ.

చాలామంది ఇక్కడ ఫైలు మూసేస్తారు. నాకు మాత్రం ఈ లెక్కలో అన్నిటికన్నా విలువైనది ఆ చివరి అంకె కాదు, అందులో ఎవరి వాటా ఎంత అన్నది. 13.64లో మూల తేడా ఒక్కటే 8.33, సగానికి పైన. రాయి వాటా 0.33. ‘ఇంకా నికార్సైన రాళ్లు కొందాం’ అని ఖరీదైన ఎఫ్2 తరగతి రాయి తెచ్చినా 7.4 కాస్తా 7.3 అవుతుంది, అంతే. అదే ప్లేటు మీద ట్రే సరిగ్గా మధ్యలో కూర్చునేలా నాలుగు గుర్తులు గీసి మూల తేడాను సగానికి తగ్గించగలిగితే 5.4కు దిగుతుంది. పెయింటు డబ్బా ఖర్చుతో అయ్యే పనికి రాళ్ల మీద వేలు పోయడం దేనికి? అనిశ్చితి లెక్కను ఆడిటర్ కోసం పెట్టే కాగితంగా చూస్తే ఈ సంగతి ఎప్పటికీ కంటపడదు.

ఇంకో చిక్కు. పైన 0.90 వాడాం, అది పది రీడింగుల సగటుకు సంబంధించిన సందేహం. గట్టు మీద ట్రేను పదిసార్లు తూచరు, ఒక్కసారే తూస్తారు. ఆ ఒక్క తూకానికి వర్తించేది 0.90 కాదు, పూర్తి చెదురు 2.84. దాంతో లెక్క మళ్లీ కడితే 20 కిలోల దగ్గర 9.1 గ్రాములు వస్తుంది. సర్టిఫికెట్లో 7.4 చూసి గట్టు మీద కూడా 7.4 అనుకోకూడదు. అలాగే మూడే రీడింగులు తీసి కె విలువ 2 అని వేసేస్తుంటారు కొందరు. మూడు రీడింగుల చెదురే ప్రధానమైన సందేహమైతే 2 సరిపోదు, 4.3 వాడాలి. తక్కువ రీడింగులతో వచ్చే ఈ ఇబ్బందిని 1908లో లెక్కగట్టింది గిన్నిస్ బీరు కంపెనీలో పనిచేసిన గాసెట్. ‘స్టూడెంట్’ అనే మారుపేరుతో రాశాడు కాబట్టి 4.3 లాంటి అంకెలు చూసుకునే పట్టికకు ఇప్పటికీ ఆ పేరే.

కాటాను వాడే చోటే క్యాలిబ్రేట్ చేయాలని ఎందుకు పట్టుబడతామో కూడా చెప్పాలి. ఎలక్ట్రానిక్ కాటా నిజానికి కొలిచేది ద్రవ్యరాశిని కాదు, ప్లేటు మీద పడే బలాన్ని. భూమి ఆకర్షణ అన్ని ఊళ్లలో ఒకేలా ఉండదు, భూమధ్యరేఖ వైపు వచ్చేకొద్దీ తగ్గుతుంది. ఢిల్లీలో సరిచేసిన కాటాను లారీలో తెచ్చి నెల్లూరులో దించి, అలాగే వాడితే 10 కిలోల సరుకుకు సుమారు 8 గ్రాములు తక్కువ చూపిస్తుంది. కాటాలో ఏ లోపమూ లేదు, ఊరు మారింది.

తూనికలు, కొలతల శాఖ వేసే ముద్రకూ దీనికీ తేడా ఉంది. ఎలక్ట్రానిక్ కాటాకు ఏటా ఆ ముద్ర తప్పనిసరి. చట్టం అనుమతించిన హద్దుల్లో కాటా ఉందని ఆ ముద్ర చెబుతుంది. ఎంత దోషం ఉంది, ఆ అంకెను ఎంతవరకు నమ్మవచ్చు అన్నది చెప్పేది క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్. రెండూ కావాలి.

ఇక గట్టు మీద అసలు గొడవ జరిగే చోటికి వద్దాం. రొయ్యల ధర బరువు మీదే కాదు, కౌంటు మీద ఉంటుంది. కిలోకు ఎన్ని రొయ్యలు తూగాయి అన్నదే కౌంటు. ఒక్క కౌంటు మారినా కిలో ధర మారుతుంది. కిలో రొయ్యలు శాంపిల్‌గా తూచి లెక్కపెడతారు. యాభై వచ్చాయనుకుందాం. వెంటనే అందరి చూపూ కాటా మీద పడుతుంది. రైతు “మీ కాటా తేడాగా ఉంది” అంటాడు, కొనేవాళ్లు తమ సర్టిఫికెట్ చూపిస్తారు.

లెక్క ఏం చెబుతోంది? మన 30 కిలోల కాటా మీద ఒక్కసారి తూచిన కిలోకు అనిశ్చితి సుమారు 7 గ్రాములు. 20 కిలోలకు 9 గ్రాములంటే పదివేలకు ఐదు పాళ్లు కూడా లేదు. 1 కిలోకు 7 గ్రాములంటే వెయ్యికి ఏడు పాళ్లు. చిన్న శాంపిల్‌ను పెద్ద కాటా మీద తూచడం మంచి పద్ధతి కాదని ఇక్కడే తెలుస్తుంది. అయినా కౌంటులో దాని ప్రభావం మూడోవంతు కౌంటే.

ఇప్పుడు రొయ్యల వైపు చూడండి. ఒకే గుంటలో పెరిగినా అన్నీ ఒకే సైజులో ఉండవు. ఒక్కో రొయ్య సగటున 20 గ్రాములు, వాటి మధ్య చెదురు 4 గ్రాములు అనుకుందాం. యాభై రొయ్యల సగటులో సందేహం 4ను 50 వర్గమూలంతో భాగిస్తే వచ్చే 0.57 గ్రాములు. రెండింతలు చేసి శాతంలో చెబితే 5.7. అంటే యాభై కౌంటుకు దాదాపు మూడు కౌంట్లు అటూ ఇటూ! కాటా వాటా మూడోవంతు కౌంటు, శాంపిల్ వాటా మూడు కౌంట్లు. గొడవంతా కాటా చుట్టూ తిరుగుతుంటే తేడా బుట్టలో ఉంది. వలలో వేర్వేరు చోట్ల నుంచి కిలో చొప్పున ఐదు శాంపిళ్లు తీసి మొత్తం రెండొందల యాభై రొయ్యలు లెక్కపెడితే ఆ మూడు 1.3కు తగ్గుతుంది. ఐదూ ఒకే పక్క నుంచి తీస్తే ఈ లెక్క చెల్లదు. ఆ పక్కన పెద్దవి చేరి ఉంటే అది ఉప్పు ఐసు లాంటిదే, ఎన్నిసార్లు తీసినా ఒకే తప్పు వస్తుంది.

నీటి సంగతి వేరు. కిలో శాంపిల్‌లో 30 గ్రాముల నీళ్లు కారుతూ ఉంటే నిజానికి 51.5 ఉండాల్సిన కౌంటు 50గా కనిపిస్తుంది. ఇది ఎప్పుడూ ఒకే వైపు లాగుతుంది, కాబట్టి ‘అటూ ఇటూ’లో కలిపి ఊరుకోకూడదు. జల్లెడ ట్రేలో నీళ్లు ఓడ్చి తూచాలి. ఎన్ని నిమిషాలు ఓడ్చాలో తూకానికి ముందే రెండు పక్షాలూ ఒప్పుకోవాలి.

ఇదే చూపుతో వరి వైపు వెళితే ఇంకో ప్రశ్న ఎదురవుతుంది. ధాన్యం కొనుగోలులో తేమ 17 శాతం మించకూడదు. తేమ మీటరు నేరుగా నీటిని కొలవదు. గింజల విద్యుత్ గుణం ఎలా మారిందో చూసి దాన్ని తేమ శాతంగా చెబుతుంది. గింజ వేడిగా ఉంటే అంకె మారుతుంది, గింజ రకం మారినా మారుతుంది. మీటరు అనిశ్చితి 0.5 శాతం అనుకుందాం. నెల్లూరు లెక్కలో పుట్టి అంటే 850 కిలోలు. పుట్టికి 0.5 శాతమంటే 4 కిలోల పైచిలుకు నీరు. బస్తా తూకంలో గ్రాముల కోసం పోట్లాడుకుంటాం గానీ ఈ కిలోల గురించి ఎవరూ అడగరు.

మీటరు 17.3 చూపించింది. తిప్పి పంపాలా? గమ్ లెక్క ప్రకారం అసలు తేమ 17 లోపే ఉండే అవకాశం నూటికి సుమారు 12 పాళ్లు. 16.8 చూపించి తీసుకున్న కుప్పలో అసలు తేమ 17 దాటి ఉండే అవకాశం నూటికి 21 పాళ్లు. గీత దగ్గర రెండు వైపులా తప్పు నిర్ణయాలు జరుగుతాయి. మీటరు ఎంత మంచిదైనా గీతకు అటూ ఇటూ ఉండే ఈ సందేహపు పట్టీ సన్నబడుతుందే తప్ప పూర్తిగా పోదు. ఆ పట్టీలో పడిన అంకెను ఎవరి పక్షాన తీర్చాలి, ఆ నష్టం ఎవరు భరించాలి అన్నది గణితం చెప్పదు. ముందే మనుషులు కూర్చుని ఒప్పుకోవాల్సిన మాట అది. ల్యాబులకు వర్తించే ఐఎస్ఓ 17025 ప్రమాణం 2017 కూర్పులో దీన్ని నిర్ణయ నియమం అని పిలిచి, కస్టమర్‌తో ముందే ఒప్పందం చేసుకోమంది.

కొనుగోలు కేంద్రంలో ఆ నియమం ఇలా ఉండొచ్చు: 16.5 నుంచి 17.5 మధ్య వస్తే ఒక్క రీడింగుతో తేల్చకూడదు. కుప్ప పైన, మధ్యన, అడుగున తీసిన గింజలు నీడలో చల్లారాక మళ్లీ మీటరులో పోసి మూడింటి సగటు తీసుకోవాలి. దీనికి పట్టేది అరగంట. పట్టా మీద ధాన్యాన్ని ఇంకో రోజు ఎండలో తిరగబోయాలంటే ఇద్దరు కూలీలు కావాలి, మబ్బు పట్టకుండానూ ఉండాలి.